కునుకులో ఉలికిపాటు

దీపమార్పి పండుకొందుము. కన్నులు మూతపడును. వీథిలోని చప్పుళ్లు దూరమగుచుండగా, ఉన్నట్లుండి మెట్టు తప్పి పడినట్లు తోచి దేహమంతయు ఒక్కసారి ఉలికిపడును. గుండె దడదడ కొట్టుకొనును. ప్రక్కనున్నవారు “ఏమైనది?” అని అడుగుదురు, చెప్పుటకేమియు ఉండదు. నూటికి 60 నుండి 70 మంది ఎప్పుడో ఒకప్పుడు దీనిని ఎరిగినవారేయని వైద్యుల అంచనా. ఇంత సామాన్యమైన సంగతి రోగమా, కాదా యని తేల్చుటకు మాత్రము వైద్యశాస్త్రమునకు చాలకాలము పట్టినది.

అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరమున సైలస్ వెయిర్ మిచెల్ అను నరముల వైద్యుడుండెను. అంతర్యుద్ధమున గాయపడిన సైనికులకు చికిత్స చేసి, తెగిన చేయి ఇంకను ఉన్నట్లు తోచు వింత బాధను లోకమునకు తెలిపినవాడాయన. నిద్రకు సంబంధించిన దోషములపై 1890లో ప్రకటించిన వ్యాసమున ఆయన ఈ ఉలికిపాట్లను వర్ణించెను. అయితే వైద్యుని కడకు వచ్చువారు బాధ మితిమీరినవారే. ఒకసారి ఉలికిపడి మరల హాయిగా నిద్రించువాడు వైద్యుని యింటికేల పోవును? అందుచే ఈ సంగతి వైద్య గ్రంథములలో రోగుల కథగానే ప్రవేశించినది.

ఆపైన మూర్ఛ భయము తోడైనది. మూర్ఛలోను అవయవములు కొట్టుకొనును గదా! లండనులోని విలియం గవర్స్ 1907లో ప్రకటించిన గ్రంథమునకు “మూర్ఛ సరిహద్దు ప్రాంతము” అను అర్థము వచ్చు పేరు పెట్టి, సొమ్మసిల్లుట, తలతిరుగుట, పార్శ్వపునొప్పి వీని సరసన నిద్రలో కలుగు లక్షణములను కూడ చర్చించెను. సరిహద్దున ఉన్నవనియే గాని, అవి మూర్ఛయని ఆయన భావము కాదు. కాని ఛార్లెస్ సిమండ్స్ 1953లో, నిద్రలో కాళ్లు అదరు కొందరు రోగులను గూర్చి వ్రాయుచు, ఇది మూర్ఛ జాతికి చెందినదని తలచెను.

ఇది పండితుల వాదము మాత్రమే కాదు. మూర్ఛ యను మాట ఒక యింట పడినచో అది ఉద్యోగమునకు, పెండ్లికి అడ్డు నిలిచెడిది. మన దేశమున హిందూ వివాహ చట్టమునకు 1976లో చేసిన సవరణ, మాటిమాటికి మూర్ఛ వచ్చువారిని వివాహమునకు అనర్హులుగా చేసెను. ఆ మాటను తొలగించినది 1999లో! అట్టి లోకములో ఆరోగ్యవంతునికి ఆ పేరు అంటకుండుట ఎంత ముఖ్యమో చెప్పనక్కరలేదు.

ఆరోగ్యవంతులను పరిశీలించినవారి వలననే చిక్కు విడివడినది. ఇటలీ దేశీయుడు లియొనెల్లో డె లిసి 1932లోనే, నిద్రలో కండరములు చిన్నచిన్నగా అదరుట సహజ నిద్రకు నిత్యలక్షణమని వ్రాసెను. హాన్స్ బెర్గర్ అను జర్మను వైద్యుడు మానవుని మెదడులోని విద్యుత్తరంగములను కాగితముపై నమోదుచేసి 1929లో ప్రకటించియుండెను. ఆ సాధనముతోనే బ్రిటిష్ పరిశోధకుడు ఇయన్ ఆస్వాల్డ్ నిద్రలోనికి జారుచున్నవారిని పరిశీలించి, 1959లో తన ఫలితములను వెల్లడించెను. ఉలికిపాటు వేళ ఆ తరంగములలో కనబడినవి మూర్ఛ గుర్తులు కావు, మేల్కొలుపు గుర్తులు. నిద్రలో మునుగుచున్న మెదడు ఒక క్షణము తల పైకెత్తి చూచినదన్నమాట.

అట్లని ప్రతి అదురును తేలికగా తీసికొనరాదు. 1957లో జర్మనీలో డీటర్ యాన్జ్, మరియొక వైద్యునితో కలిసి, యౌవనారంభమున పొడసూపు ఒక మూర్ఛను వివరించెను. అందు చేతులు అదరునది ముఖ్యముగా ఉదయము నిద్ర లేచిన పిమ్మట. చేతిలోని గ్లాసు జారిపడుటయు కలదు. అట్టిచో వైద్యుని చూడవలెను. నాలుక కరచుకొన్నను, స్పృహ తప్పినను జాగు చేయరాదు.

నిద్ర పట్టువేళ అప్పుడప్పుడు కలుగు ఒంటరి ఉలికిపాటు మాత్రము రోగము కాదు. అలసట, నిద్రలేమి, మనోవ్యథ, ప్రొద్దుపోయిన పిదప త్రాగిన కాఫీ దీనిని హెచ్చించును. వేళకు పండుకొనుటయే దీనికి మందు. ఈ రాత్రి మీ ప్రక్కనున్నవారు ఉలికిపడి కన్ను తెరచినచో, “ఏమియు కాలేదు, నిద్ర వచ్చుచున్నది, అంతే” యని ధైర్యముగా చెప్పవచ్చును.