ఇండియన్ క్రికెట్ లీగ్: రెండేళ్లలో ముగిసిన ప్రయోగం, మిగిలిన హైదరాబాద్ హీరోస్ టైటిల్

ఐపీఎల్ కంటే ముందే దేశంలో నగరాల జట్లతో ఒక టీ20 లీగ్ నడిచింది. దాని పేరు ఇండియన్ క్రికెట్ లీగ్ (ఐసీఎల్). 2007లో మొదలై 2009 నాటికి మూతపడిన ఈ లీగ్‌లో హైదరాబాద్ జట్టు ఒకసారి విజేతగా నిలిచింది.

నేపథ్యం: 2007 వన్డే ప్రపంచకప్‌లో భారత్ తొలి దశలోనే ఇంటిముఖం పట్టింది. అంతకుముందు భారత మ్యాచ్‌ల ప్రసార హక్కుల కోసం ప్రయత్నించి దక్కించుకోలేకపోయిన జీ గ్రూప్ అధిపతి సుభాష్ చంద్ర ఆ ఏప్రిల్‌లో సొంత లీగ్ ప్రకటించారు. కార్యనిర్వాహక మండలికి కపిల్ దేవ్ సారథ్యం వహించారు. బీసీసీఐ దీన్ని గుర్తించలేదు. కపిల్‌ను జాతీయ క్రికెట్ అకాడమీ ఛైర్మన్ పదవి నుంచి తప్పించింది. లీగ్‌లో చేరిన ఆటగాళ్లకు రంజీ సహా దేశవాళీ క్రికెట్ తలుపులు మూసేసింది.

హైదరాబాద్ హీరోస్: 2007 నవంబర్ 30న పంచ్‌కులాలో ఆరు జట్లతో పోటీలు ప్రారంభమయ్యాయి. తొలి టైటిల్ చెన్నై సూపర్‌స్టార్స్‌కు దక్కింది. న్యూజిలాండ్ ఆల్‌రౌండర్ క్రిస్ హ్యారిస్, అంబటి రాయుడు, స్టువర్ట్ బిన్నీ తదితరులతో కూడిన హైదరాబాద్ 2008 వేసవిలో లాహోర్ బాద్షాస్‌ను ఓడించి విజేత అయింది. బోర్డు మైదానాలు అందుబాటులో లేకపోవడంతో ప్రభుత్వ ఆధీనంలోని లాల్ బహదూర్ స్టేడియం వంటి వేదికలే లీగ్‌కు దిక్కయ్యాయి. అదే ఏడాది చివర్లో జరిగిన టోర్నీ ఫైనల్స్‌లో లాహోర్ బదులు తీర్చుకుంది.

పతనం: 2008 ఏప్రిల్ 18న ఐపీఎల్ మొదలైంది. స్టార్లు, స్పాన్సర్లు అటు మళ్లారు. నవంబర్‌లో ముంబై ఉగ్రదాడులతో ఐసీఎల్ ప్రపంచ సిరీస్ మధ్యలోనే ఆగిపోయింది. 2009లో లీగ్‌తో తెగతెంపులు చేసుకున్న ఆటగాళ్లకు బీసీసీఐ క్షమాభిక్ష ప్రకటించడంతో చాలామంది వెనక్కి వచ్చారు. ఆ తర్వాత పోటీలు జరగలేదు.

ఆటగాళ్లపై ప్రభావం: 2004 అండర్-19 ప్రపంచకప్‌లో భారత సారథి అయిన రాయుడు ఐసీఎల్‌లో చేరారు. తిరిగొచ్చాక 2010లో ముంబై ఇండియన్స్ తరఫున ఐపీఎల్ ఆడినా, భారత జట్టులో తొలి వన్డేకు 2013 జూలై వరకు ఆగాల్సి వచ్చింది. హరారేలో జింబాబ్వేపై ఆ మ్యాచ్‌లో 63 పరుగులతో అజేయంగా నిలిచారు. బిన్నీ 2014లో బంగ్లాదేశ్‌పై 4 పరుగులకే 6 వికెట్లు తీశారు. అందరికీ ఇలాంటి రెండో అవకాశం రాలేదు. నిషేధ కాలంలోనే వయసు మీరిన దేశవాళీ ఆటగాళ్లకు ఐసీఎల్ మ్యాచ్‌లే చివరివయ్యాయి.

మిగిలిన ప్రశ్న: పోటీ లీగ్‌లకు గుర్తింపు ఇవ్వబోమంటూ ఐపీఎల్ ప్రసార ఒప్పందంలో పెట్టిన షరతును కాంపిటీషన్ కమిషన్ తప్పుపట్టి, 2013లో బీసీసీఐకి 52.24 కోట్ల రూపాయల జరిమానా విధించింది. ఆటను నియంత్రించే సంస్థే వ్యాపారంలోనూ పోటీదారు కావచ్చా అన్నది ఐసీఎల్ మిగిల్చిన ప్రశ్న.