మరణశయ్య యొద్ద ఉమ్మడి పరిచర్య

ఈ శతవార్షిక సంచికలో మన దేవాలయములను గూర్చియు, పాఠశాలలను గూర్చియు, ఆసుపత్రులను గూర్చియు పలువురు వ్రాయుచున్నారు. మేము మరియొక చరిత్రను సంఘస్థుల ముందుంచ గోరుచున్నాము. "ఇక మేము చేయగలిగినది ఏమియు లేదు, ఇంటికి తీసుకొనిపొండు" అను మాట మన కుటుంబములలో అనేకులు విన్నదే. ఆ మాట తరువాత కూడ చేయవలసిన పని యెంతో కలదని, అది ఏ ఒక్కరి వలనను కాదని వైద్యలోకము ఎట్లు నేర్చుకొనెనో చెప్పుటయే మా ఉద్దేశము.

ఈ చరిత్రలో ముఖ్యురాలు సిసిలీ సాండర్స్ అను ఆంగ్ల వనిత. ఈమె 1918లో జన్మించెను. రెండవ ప్రపంచ యుద్ధకాలమున లండనులోని సెయింట్ థామస్ ఆసుపత్రిలో నర్సుగా తర్ఫీదు పొందెను. నడుము నొప్పి వలన ఆ వృత్తి విడువవలసి వచ్చి, రోగుల కుటుంబ స్థితిగతులు విచారించి తోడ్పడు ఉద్యోగములో చేరెను. అక్కడ వార్సా నగరము నుండి వచ్చిన డేవిడ్ టాస్మా అను యూదునితో పరిచయమాయెను. బంధువులు దగ్గర లేక, క్యాన్సరుతో మంచము పట్టిన ఆ మనుష్యునితో ఆమె చాల సంభాషించెను. ఇట్టివారి కొరకు ఒక గృహము ఉండవలెనను తలంపు వారిరువురి మాటలలోనే రూపు దాల్చెను. 1948లో అతడు మరణించుచు ఆమెకు 500 పౌండ్లు విడిచి వెళ్లెను. మరణించువారి బాధ మాన్పదలచినచో వైద్యమే చదువుమని ఒక శస్త్రవైద్యుడు సలహా ఇయ్యగా, ఆమె చదివి 1957లో డాక్టరు పట్టా పొందెను.

తరువాత రోమను కతోలిక కన్యకలు నడుపు సెయింట్ జోసెఫ్ ఆశ్రమములో పనిచేయుచు, నొప్పి మరల రాకమునుపే వేళకు మార్ఫిన్ ఇచ్చుచుండినచో రోగి తెలివితోను నెమ్మదితోను ఉండగలడని చూపెను. అంతకంటె గొప్ప సంగతి, "సంపూర్ణ వేదన" అను ఆమె బోధ. నొప్పి శరీరములో మాత్రమే లేదు. మనస్సులోను, కుటుంబ బాధ్యతలలోను, ఆత్మలోను కలదు. ఒకటి మాన్పక మరియొకటి మానదు.

నర్సు, సామాజిక సేవకురాలు, డాక్టరు, ఈ మూడును తానే అయియుండియు ఆమె ఒంటరిగా పని చేయలేదు. 1967లో దక్షిణ లండనులో సెయింట్ క్రిస్టఫర్స్ ఆశ్రమమును ప్రారంభించి, వేర్వేరు వృత్తులవారిని ఒక్క రోగి నిమిత్తము ఒకచోట చేర్చెను. పాదిరి గారికిని, స్వచ్ఛంద సేవకులకును అందులో స్థానమిచ్చెను. 1969లో ఇండ్లకు వెళ్లి చూచు పనియు మొదలాయెను.

అయితే అధిక సంఖ్యాకులు మరణించునది సాధారణ ఆసుపత్రులలోనే గదా! 1975లో కెనడాలోని మాంట్రియల్ నగరమున, రాయల్ విక్టోరియా ఆసుపత్రిలో బాల్ఫర్ మౌంట్ అను శస్త్రవైద్యుడు ఇట్టి రోగులకై ప్రత్యేక విభాగము తెరచెను. "పాలియేటివ్ కేర్", అనగా ఉపశమన సంరక్షణ, అను పేరు ఆయన పెట్టినదే. 1977లో సాండర్స్ తర్ఫీదు పొందిన ఆ సెయింట్ థామస్ ఆసుపత్రిలోనే ఒక సహాయక బృందము ఏర్పడెను. దానికి సొంత వార్డు లేదు. డాక్టరు, నర్సు, సామాజిక సేవకుడు, పాదిరి ఇతర వార్డులకే వెళ్లి, అక్కడి వైద్యులకు ఆలోచన చెప్పుచుండిరి.

ఇట్టి బృందము ఎట్లు ఉపకరించునో ఒక ఉదాహరణ చెప్పెదము. రోగికి రాత్రులు నిద్ర లేదు. డాక్టరు మందు పెంచును. అయినను నిద్ర రాదు. అతడు అర్ధరాత్రి అప్పును గూర్చి మాటలాడుచున్నాడని నర్సు గమనించును. సామాజిక సేవకుడు భార్యను పిలిచి అప్పుల సంగతి విచారించును. తన రోగము దేవుని శిక్షయేమో అను భయమును రోగి పాదిరి గారితో మాత్రమే చెప్పును. నలుగురును కూర్చుండి మాటలాడుకొననిచో, ఎవరి తునక వారి యొద్దనే నిలిచిపోవును. రోగి మేలుకొనియే యుండును.

మన దేశములో 1986లో బొంబాయి నగరమున శాంతి ఆవేదన సదన్ ప్రారంభమాయెను. అయితే 1985 నాటి మాదకద్రవ్యముల చట్టము వలన మార్ఫిన్ దొరకుట దుర్లభమై, లెక్కలేనివారు నొప్పితోనే కన్నుమూసిరి. 2014లో ఆ చట్టము సవరింపబడెను. 1993లో కేరళలోని కాలికట్టు వైద్య కళాశాలయందు డాక్టర్ ఎం. ఆర్. రాజగోపాల్, డాక్టర్ సురేష్ కుమార్ మొదలగువారు ఆరంభించిన సేవ, ఊరివారినే స్వచ్ఛంద సేవకులుగా చేర్చుకొని ఆ రాష్ట్రమంతట వ్యాపించెను. మన హైదరాబాదులోని ఎం. ఎన్. జె. క్యాన్సరు ఆసుపత్రిలోను పెద్దలకు, పిల్లలకు ఈ సేవ కలదు.

ఇందులో మన సంఘమునకు ఒక పాఠము కలదు. నొప్పి మాత్ర మ్రింగుట అవిశ్వాసమని ఏ రోగితోను చెప్పకుందము. ప్రార్థనయు మందును ఒకదానికొకటి విరోధులు కావు. ఇరువదిమంది ఒక్కసారిగా మంచము చుట్టూ నిలిచి పాడుటకు ముందు, రోగికి ఓపిక యున్నదా అని నర్సు నడుగుదము. రోగి చెవిలో చెప్పిన మాటను వీధిలో చెప్పకుందము. రేయింబవళ్లు కాచుచున్న భార్యనో కోడలినో రెండు గంటలు నిద్రింపనిచ్చి మనము కూర్చుందము, అదియు పరిచర్యయే.

కన్ను చేతిని అక్కరలేదనజాలదని కొరింథీ సంఘమునకు అపొస్తలుడైన పౌలు బోధించిన సత్యమును మనము ప్రతి యేట వినుచున్నాము. వైద్యలోకము దానినే రోగుల మంచముల యొద్ద చాల కష్టముతో నేర్చుకొనెను. రెండవ శతాబ్దములో అడుగిడుచున్న మన మండలములోని ప్రతి పాస్టరేటునందు, డాక్టరుతోను నర్సుతోను చేయి కలిపి రోగి యొద్ద నెమ్మదిగా కూర్చుండగలవారు కొందరైనను లేచునట్లు ప్రభువు కృప చూపును గాక.