వ్యాసం ఏ తెలుగులో రాయాలి: మద్రాసు విశ్వవిద్యాలయం నాటి ఒక వివాదం

కలకత్తా, బొంబాయి విశ్వవిద్యాలయాలతో పాటు 1857లో ఏర్పడిన మద్రాసు విశ్వవిద్యాలయం తొలి దశాబ్దాల్లో పాఠం చెప్పే సంస్థ కాదు. లండన్ విశ్వవిద్యాలయం నమూనాలో, అనుబంధ కళాశాలల్లో చదివినవారికి పరీక్షలు జరిపి పట్టాలివ్వడమే దాని ప్రధాన కార్యం. గురువు ఎదుట కూర్చుని శాస్త్రార్థం చెప్పి, ఎదురుప్రశ్నకు అక్కడికక్కడే బదులిచ్చే సంప్రదాయం ఉన్న దేశంలో, ముఖం తెలియని పరీక్షకుడి కోసం గడువులోపల కాగితం మీద సమాధానం రాయడం కొత్త విద్య. ఎదుట ఉన్న గురువు ప్రశ్నను విడమరచి చెప్పగలడు, అచ్చుకాగితం చెప్పలేదు. కనుక ప్రశ్న అడిగేదేమిటో, దిద్దేవారు చూసేదేమిటో విద్యార్థే గ్రహించుకోవలసి వచ్చింది. ఈ రెండింటికీ పొంతన లేకపోవడం కొట్టవచ్చినట్టు కనిపించినది తెలుగు వ్యాసరచనలో.

ఒక విషయాన్ని కారణాలతో, ఉదాహరణలతో వచనంలో విస్తరించే ప్రక్రియకు పందొమ్మిదో శతాబ్ది నడుమ స్థిరమైన పేరు కూడా లేదు. 1862లో అచ్చయిన ‘హితసూచని’లో సామినేని ముద్దునరసింహం అటువంటి రచనలను ప్రమేయాలన్నాడు, వాటిని వాడుకకు దగ్గరైన భాషలోనే రాశాడు. విద్యాలయాలు మాత్రం పరవస్తు చిన్నయసూరి ‘బాలవ్యాకరణం’ చూపిన గ్రాంథికాన్ని, అంటే ప్రాచీన కావ్యాల ప్రయోగాలను ఆధారం చేసుకున్న భాషను, ప్రమాణంగా స్వీకరించాయి.

ఇరవయ్యో శతాబ్ది రెండో దశకం మొదట్లో స్కూల్ ఫైనల్, ఇంటర్మీడియట్ విద్యార్థులు దేశభాషలో వ్యాసం రాయవలసి రావడంతో చిక్కు బయటపడింది. వ్యవసాయం గురించో, స్త్రీవిద్య గురించో అడిగినప్పుడు విద్యార్థి ‘చేస్తున్నారు’ అని ఆలోచించి ‘చేయుచున్నారు’ అని రాయాలి. ఎక్కడ అరసున్న ఉండాలో, ఎక్కడ శకటరేఫ, అంటే బండిర, రావాలో గుర్తుంచుకోవాలి. ప్రశ్న విషయాన్ని అడిగింది, మార్కులు రూపానికి పడ్డాయి. చెప్పదలచిన మాట స్పష్టంగా తెలిసినవాడు కూడా కలం కదపడానికి జంకే స్థితి అది. విద్య పేరిట ఆలోచనకు జరిగిన ఈ నష్టాన్ని చిన్నదిగా చూడడం సరికాదు.

విశాఖపట్నం ప్రాంతంలో పాఠశాలల తనిఖీ అధికారిగా పనిచేసిన జె.ఎ. యేట్స్, పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడైన గిడుగు రామమూర్తి, విజయనగరంలోని గురజాడ అప్పారావు శిష్టవ్యావహారికాన్ని, అంటే చదువుకున్నవారు మాట్లాడే భాషను, రాతలోకి అనుమతించాలని వాదించారు. 1911లో ఏర్పడిన ఆంధ్ర సాహిత్య పరిషత్తు, దానికి అండగా నిలిచిన జయంతి రామయ్య పంతులు అందుకు ఎదురు నిలిచారు. 1912–13 ప్రాంతంలో స్కూల్ ఫైనల్ వ్యాసాన్ని ఏ శైలిలోనైనా రాయవచ్చునన్న ఉత్తర్వు వెలువడినా, పండితుల ప్రతిఘటన మూలంగా ఆ స్వేచ్ఛ నిలవలేదు.

విశ్వవిద్యాలయం వ్యాసరచనపై నియమించిన సంఘంలో మెజారిటీ తీర్మానంతో ఏకీభవించని గురజాడ 1914లో ఇంగ్లీషులో అసమ్మతి పత్రం సమర్పించాడు. కావ్యభాషలో వేర్వేరు కాలాల రూపాలు కలగలిసి ఉన్నాయని, అది విద్యార్థి నిత్యజీవితపు వచనానికి సాధనం కాజాలదని ఆయన అందులో విస్తారంగా వాదించాడు. మరుసటి ఏడు, నవంబరులో ఆయన మరణించడంతో భారమంతా గిడుగు మీద పడింది. గిడుగు ఎంచుకున్న దారి పరీక్షకుడిదే: గ్రాంథికవాదులు రాసిన వచనాన్ని వారి సూత్రాలతోనే దిద్ది, వారి పుస్తకాల్లోనే వ్యాకరణదోషాలను ఎత్తి చూపాడు. నియమాలు విధించే పండితులకే అలవికాని భాషలో పిల్లవాడు మూడు గంటల్లో తప్పులేకుండా రాయాలనడం ఎలా న్యాయమన్నది ఆ సవరణలన్నిటి వెనుక ఉన్న ప్రశ్న.

విశ్వవిద్యాలయాలు పెరిగినంత మాత్రాన సమస్య తీరలేదు. 1918లో హైదరాబాదులో వెలిసిన ఉస్మానియా ఉర్దూలో బోధించింది; 1926లో బెజవాడలో మొదలైన ఆంధ్ర విశ్వవిద్యాలయంలో తెలుగు ప్రధానంగా ఒక పాఠ్యాంశమే అయింది. చరిత్ర, అర్థశాస్త్రం వంటి విషయాలకు కళాశాల స్థాయి పుస్తకాలను తెలుగులో తయారు చేయడానికి తెలుగు అకాడమి 1968లో ఏర్పడింది, ఆ పుస్తకాల్లోని క్రియలు ‘చేయుచున్నారు’ కాక ‘చేస్తున్నారు’ అనే రూపంలోనే అచ్చయ్యాయి.