పొగకు పగ్గం వేసిన చిన్న కారు

రోజూ ఆఫీసుకు వెళ్లిరావడానికి ఏ కారు కొనాలని వైద్యుణ్ణి అడిగేవారు సాధారణంగా ఉండరు. ధర, మైలేజీ, చూడటానికి ముచ్చటగా ఉందా లేదా అన్న మూడు విషయాల దగ్గరే ఆ నిర్ణయం ముగిసిపోతుంది. ఆ కారు వెనుక గొట్టం నుంచి వచ్చేది ఎవరి ఊపిరితిత్తుల్లోకి పోతుందన్న నాలుగో ప్రశ్నను అమ్మేవాడు ఎత్తడు, కొనేవాడు అడగడు. కాలుష్య నిబంధనలకు లోబడి ఉందన్న ఒక్క మాటతో సరిపెట్టుకుంటాం. ఆ ఒక్క మాట వెనుక ఎనభై ఏళ్ల చరిత్ర ఉంది. అందులో నాకు అన్నిటికన్నా ఆసక్తికరంగా తోచేది ఒక చిన్న జపాను కారు కథ. చౌకదనం, పొదుపు, శుభ్రత ఒకే బండిలో ఇమడవని అమెరికాలోని పెద్ద కంపెనీలు గట్టిగా వాదిస్తున్న రోజుల్లో ఆ మూడింటినీ కలిపి చూపించిన కారు అది.

కథకు మూలం లాస్ ఏంజిలిస్ నగరంలో ఉంది. 1943 జులైలో ఒకనాడు ఆ నగరాన్ని దట్టమైన పొగ కమ్మేసింది. జనం కళ్లు మండాయి, గొంతులు పట్టేశాయి. అది యుద్ధకాలం కావడంతో శత్రువులు విషవాయువు ప్రయోగించారేమోనని కొందరు భయపడ్డారు. తర్వాత నేరం ఊళ్లోని ఒక కృత్రిమ రబ్బరు కర్మాగారం మీదికి పోయింది. దాన్ని కొంతకాలం మూయించినా పొగ మాత్రం తగ్గలేదు. అసలు కారణం తేల్చినవాడు హాలండులో పుట్టి కాలిఫోర్నియాలో స్థిరపడిన ఏరీ హాగెన్-స్మిత్ అనే రసాయన శాస్త్రవేత్త. ఆయన అంతకుముందు చేస్తున్న పని అనాసపండు వాసనలోని పదార్థాలను వేరుచేయడం! గాలిలోని పదార్థాలను పట్టుకోవడంలో అలవడిన ఆ నేర్పుతోనే 1950ల తొలినాళ్లలో ఆయన అసలు సంగతి తేల్చాడు. వాహనాల నుంచీ, చమురు శుద్ధి కర్మాగారాల నుంచీ వెలువడే హైడ్రోకార్బన్లు, నైట్రోజన్ ఆక్సైడ్లు ఎండ తగిలితే ఓజోనుగా మారుతున్నాయి. ఆకాశంలో ఎక్కడో పైన ఉండి అతినీలలోహిత కిరణాల నుంచి మనల్ని కాపాడే ఓజోనే నేలమీద ఉంటే శ్వాసనాళాల లోపలి పొరను కాల్చినట్టు దెబ్బతీస్తుంది. ఉబ్బసం ఉన్నవారికి అది సాక్షాత్తూ శత్రువు.

కారు పొగలోని మరో దోషి కార్బన్ మోనాక్సైడ్. రక్తంలోని హిమోగ్లోబినును అది ఆక్సిజన్ కన్నా రెండువందల రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. ఆరోగ్యవంతుడికి తలనొప్పితో పోవచ్చుగానీ, గుండె రక్తనాళాలు ముందే సన్నబడినవాడికి అది ఛాతీనొప్పిగా పరిణమిస్తుంది.

ఈ జ్ఞానం చట్టంగా మారడానికి దాదాపు రెండు దశాబ్దాలు పట్టింది. 1970 డిసెంబరు 31న అమెరికా అధ్యక్షుడు నిక్సన్ సంతకం చేసిన స్వచ్ఛ వాయు చట్టాన్ని, దాని కోసం పోరాడిన సెనేటర్ ఎడ్మండ్ మస్కీ పేరుతో జపానులో నేటికీ మస్కీ చట్టమనే పిలుస్తారు. 1975 మోడలు కార్లలో కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోకార్బన్లు 90 శాతం తగ్గాలనీ, ఆ మరుసటి ఏడాదికి నైట్రోజన్ ఆక్సైడ్లు కూడా అంతే తగ్గాలనీ అది నిర్దేశించింది. ఎలా తగ్గించాలో చట్టం చెప్పలేదు. చేసి చూపించే బాధ్యతను తయారీదారులకే వదిలింది. ఇది అసాధ్యమని, గడువులోగా జరిగే పని కాదని, బలవంతం చేస్తే కార్ల ధరలు పెరిగి ఉద్యోగాలు పోతాయని డెట్రాయిట్ కంపెనీలు మొరపెట్టుకున్నాయి.

వారి మొరలో కొంత నిజం లేకపోలేదు. ఇంజినులో ఇంధనం పూర్తిగా మండక మిగిలితే కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోకార్బన్లు వస్తాయి. వాటిని తగ్గించాలని గాలి పెంచి బాగా వేడిగా మండిస్తే, ఆ వేడికి గాలిలోని నైట్రోజనే ఆక్సిజనుతో కలిసి నైట్రోజన్ ఆక్సైడ్లు పెరుగుతాయి. ఒక జబ్బుకిచ్చిన మందు మరో జబ్బును పెంచినట్టన్నమాట. గాలి మరీ ఎక్కువై ఇంధనం పలచబడితే స్పార్క్ ప్లగ్ నిప్పు దానికి అంటుకోదు. అప్పుడు మండని పెట్రోలే బయటికి పోతుంది.

ఇక్కడ హోండా ప్రవేశించింది. మోటారు సైకిళ్లకు పేరుపడి, కార్ల వ్యాపారంలోకి 1963లో మాత్రమే అడుగుపెట్టిన కంపెనీ అది. దాని వ్యవస్థాపకుడు సోయిచిరో హోండాకు ఆ చట్టం అవకాశంగా కనిపించింది. ప్రపంచంలోని కంపెనీలన్నీ ఒకే గీత దగ్గర నిలబడి పరుగు మొదలుపెట్టే సందర్భం ఇదేననీ, అందులో పెద్ద కంపెనీలను దాటిపోవచ్చుననీ ఆయన ఉత్సాహపడ్డాడు. ఆయన కింద పనిచేసే యువ ఇంజినీర్లకు ఆ మాట రుచించలేదట. తాము ఈ పని కంపెనీ గెలుపు కోసం చేయడం లేదనీ, సమాజం కోసం, పిల్లల కోసం చేస్తున్నామనీ వారు అభ్యంతరం చెప్పినట్టు ఆ కంపెనీ చరిత్రలోనే రాసుకున్నారు. ఆ మాట ముసలాయనను కదిలించిందనీ, తాను తప్పుకునే వేళ వచ్చిందని ఆయన గ్రహించాడనీ అంటారు. 1973లో ఆయన పదవీ విరమణ చేశాడు. యజమాని మాటకు ఎదురుచెప్పడం అరుదైన ఆ దేశంలో, ఆ యువకుల తెగువే నాకు ఇంజినుకన్నా గొప్పగా కనిపిస్తుంది. ఇంజిను రూపకల్పనకు నాయకత్వం వహించిన తదాషి కుమే తర్వాతి కాలంలో ఆ కంపెనీకే అధ్యక్షుడయ్యాడు.

వారు కనుగొన్న ఉపాయం మన పల్లెల్లో పొయ్యి రాజేసినవారికి సులువుగా అర్థమవుతుంది. పచ్చికట్టె నేరుగా అంటుకోదు. ముందు ఎండు చితుకులు వెలిగిస్తే, ఆ మంట కట్టెను నెమ్మదిగా అందుకుంటుంది. హోండా ఇంజినీర్లు ప్రతి సిలిండరు పైన ఒక బుల్లి గది కట్టి, దానికి వేరే చిన్న వాల్వు పెట్టారు. ఆ గదిలోకి పెట్రోలు పాలు ఎక్కువగా ఉన్న మిశ్రమం, కింద ఉన్న పెద్ద గదిలోకి చాలా పలుచని మిశ్రమం పోతాయి. స్పార్క్ ప్లగ్ బుల్లి గదిలోని చిక్కటి మిశ్రమాన్ని వెలిగిస్తుంది. ఆ జ్వాల కిందికి దిగి పలుచని మిశ్రమాన్ని నిదానంగా మండిస్తుంది. మంట ఎక్కువసేపు నిలుస్తుంది కాబట్టి మండని పదార్థం మిగలదు. వేడి శిఖరానికి చేరదు కాబట్టి నైట్రోజన్ ఆక్సైడ్లు పుట్టవు. సి.వి.సి.సి. అని పేరుపెట్టిన ఈ ఇంజిను వివరాలను 1972 అక్టోబరులో ప్రకటించారు. ఆ డిసెంబరులో అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ యాన్ ఆర్బర్ ప్రయోగశాలలో పరీక్షించగా 1975 ప్రమాణాలను అది అందుకుంది. పొగగొట్టంలో అదనపు పరికరం ఏదీ లేకుండానే.

చిన్న ఇంజిను కాబట్టి సాధ్యమైంది, మా పెద్ద కార్లకు ఇది పనికిరాదు అన్న వాదన వెంటనే వచ్చింది. హోండావారు 1973 మోడలు షెవర్లే ఇంపాలా ఒకటి కొన్నారు. అయిదున్నర మీటర్లకు పైగా పొడవు, ఎనిమిది సిలిండర్ల భారీ ఇంజిను ఉన్న కారది. దాని ఇంజిను పైభాగాన్ని తమ పద్ధతిలో మార్చి అదే ప్రయోగశాలకు పంపితే అదీ పరీక్ష నెగ్గింది. దీనికి మించిన జవాబు ఏముంటుంది? అయినా డెట్రాయిట్ అడిగిన గడువు పొడిగింపు 1973లో దానికి దక్కింది. ప్రజారోగ్య చట్టాల చరిత్రలో ఇది కొత్త కాదు. సాధ్యమని రుజువైన తర్వాత కూడా వాయిదాలు పడుతూనే ఉంటాయి.

ఆ ఇంజినును అమర్చిన సివిక్ 1973 డిసెంబరులో జపానులోనూ, 1975 మోడలుగా అమెరికాలోనూ అమ్మకానికి వచ్చింది. మూడున్నర మీటర్ల పొడవు, 1488 సీసీ ఇంజిను, నాలుగు మూలల్లో నాలుగు చక్రాలు, వెనుక సామానుకు పైకి లేచే తలుపు. బొమ్మలా ఉంటుందని నవ్వినవారున్నారు. కానీ అప్పటికే 1973 చమురు సంక్షోభం వచ్చిపడింది. బంకుల ముందు బారులు తీరిన అమెరికన్లకు ఆ బొమ్మ ముద్దొచ్చింది. 1970ల మధ్యలో అమెరికా ప్రభుత్వ మైలేజీ పట్టికల్లో సివిక్ అగ్రస్థానంలో నిలిచింది. లోపాలు లేని కారు కాదది. మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లే రాష్ట్రాల్లో దాని ముందు మడ్‌గార్డులు తుప్పుపట్టి పోయాయి. అయినా చౌకగా, చలాకీగా ఉండి, తక్కువ తాగి, తక్కువ పొగ వదిలే కారు సాధ్యమేనని అది తేల్చేసింది. టొయోటా, ఫోర్డ్, క్రైస్లర్, ఇసుజు ఆ పద్ధతికి లైసెన్సు తీసుకున్నాయి.

వైద్యుడిగా నేను ఇక్కడ ఒక మాట కలపాలి. సివిక్ గెలుపులో ఒక వెలితి ఉంది. డెట్రాయిట్ చివరికి ఎంచుకున్న దారి కెటలిటిక్ కన్వర్టర్, అంటే ప్లాటినం వంటి లోహాల పూత ఉన్న గూడులోంచి పొగను పంపి శుద్ధిచేయడం. ఆ లోహాలకు పెట్రోలులోని సీసం తగిలితే అవి పనికిరాకుండా పోతాయి. అందువల్ల 1974 జులై నుంచి అమెరికా బంకుల్లో సీసం లేని పెట్రోలు అందుబాటులోకి తేవలసివచ్చింది. హోండా ఇంజినుకు ఆ బెడద లేదు, సీసం ఉన్న పెట్రోలుతోనూ నడిచేది. అందరూ దానినే అనుసరించి ఉంటే పెట్రోలులో సీసం మరికొన్నేళ్లు కొనసాగేదేమో!

ఇంజిను దడదడ కొట్టుకోకుండా 1920ల నుంచి పెట్రోలులో కలుపుతూ వచ్చిన ఆ సీసం పిల్లల మెదడు మీద చేసే హాని అపారం. 1924లోనే దాన్ని తయారుచేసే చోట కార్మికులు పిచ్చెత్తినట్టై చనిపోయారు. ఆలిస్ హామిల్టన్ వంటి వైద్యులు హెచ్చరించినా ఎవరూ పట్టించుకోలేదు. 1979లో హెర్బర్ట్ నీడిల్‌మన్ అనే వైద్యుడు బడిపిల్లల పాలపళ్లను సేకరించి, వాటిలో సీసం ఎక్కువున్న పిల్లలు తెలివితేటల పరీక్షల్లో వెనుకబడ్డారని చూపాడు. సీసం లేని పెట్రోలు వాడకం పెరుగుతున్న 1976, 1980 సంవత్సరాల మధ్య అమెరికన్ల రక్తంలో సగటు సీసం మూడో వంతుకు పైగా పడిపోయింది. ఇంజిను పొగ కోసం పెట్టిన పరికరం పిల్లల మెదళ్లను కాపాడింది. ఎవరూ ఊహించని మేలు అది. కొన్నేళ్లకు మూడు రకాల విషాలనూ ఒకేసారి తగ్గించే కన్వర్టరు, ఇంధనాన్ని లెక్కగా చిమ్మే ఇంజెక్షను వచ్చాక, 1980లలో హోండా కూడా తన బుల్లి గదిని వదిలి ఆ దారిలోకే వచ్చింది.

మన దేశంలో ఈ కథ రెండు దశాబ్దాలు ఆలస్యంగా నడిచింది. మనకు సివిక్ వంటిది 1983 డిసెంబరులో వచ్చిన మారుతి 800. మూడు సిలిండర్లు, 796 సీసీ. ఎన్నో మధ్యతరగతి కుటుంబాలకు అదే తొలి కారు. 1995 ఏప్రిల్ 1 నుంచి ఢిల్లీ, ముంబయి, కలకత్తా, మద్రాసు నగరాల్లో కొత్త పెట్రోలు కార్లకు కన్వర్టరు తప్పనిసరి అయింది. సీసం లేని పెట్రోలు ఆ నగరాల్లో మొదలై, 2000 ఫిబ్రవరి 1 నాటికి దేశమంతటికీ వచ్చింది. దీనికి ఎం.సి. మెహతా అనే న్యాయవాది సుప్రీంకోర్టులో నడిపిన సుదీర్ఘ వ్యాజ్యం పెద్ద ఊతమిచ్చింది.

2010 ఏప్రిల్‌లో హైదరాబాదుతో సహా పదమూడు నగరాల్లో భారత్ స్టేజ్ 4 ప్రమాణం వచ్చినప్పుడు మారుతి 800ను ఆ ప్రమాణానికి తగ్గట్టు మార్చలేదు. ఆ నగరాల్లో దాని అమ్మకం ఆగింది, బయట సాగింది. అంటే హైదరాబాదు ఊపిరితిత్తులకు ఒక ప్రమాణం, విజయవాడ ఊపిరితిత్తులకు మరొకటి! దేశమంతటా ఒకే ప్రమాణం కావడానికి 2017 ఏప్రిల్ దాకా ఆగవలసివచ్చింది. మారుతి 800 తయారీ మాత్రం 2014 జనవరిలోనే నిలిచిపోయింది. దానిమీద మమకారం ఉన్నవారిని నేను తప్పుపట్టను. కానీ అది వెళ్లిపోయిన కారణం సబబైనదే.

2020 ఏప్రిల్ నుంచి అమలైన స్టేజ్ 6లో పెద్ద మార్పు డీజిలు కార్లకు వచ్చింది. కిలోమీటరుకు 25 మిల్లీగ్రాముల దాకా అనుమతించిన సూక్ష్మకణాలు 4.5కు, 250 మిల్లీగ్రాముల నైట్రోజన్ ఆక్సైడ్లు 80కి దిగాయి. డీజిలు పొగను క్యాన్సరు కారకంగా ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధన సంస్థ 2012లోనే నిర్ధారించింది. ఈ ప్రమాణం కోసం డీజిలు కార్లలో పెట్టిన మసి వడపోత శుభ్రపడాలంటే బండి అప్పుడప్పుడు పెద్ద రోడ్డుమీద ఆగకుండా కొంతసేపు పరుగెత్తాలి. ట్రాఫిక్‌లో రోజుకు అయిదారు కిలోమీటర్లు పాకే బండిలో అది మసితో మూసుకుపోతుంది. కనుక నగరంలో ఉద్యోగానికి తిరిగేవారికి చిన్న పెట్రోలు కారే తగినదని నా అభిప్రాయం. పాత కారు కొనేవారు కన్వర్టరు అసలుదే ఉందా, ఎవరైనా ఊడదీసి ఉత్త గొట్టం బిగించారా అన్నది నమ్మకమైన మెకానిక్‌తో చూపించుకోవాలి. అందులోని ప్లాటినం, పలాడియం కోసం దాన్ని ఊడబీకేవారున్నారు. పొగ పరీక్ష ధ్రువపత్రం ఒక్కటే చూసి నమ్మవద్దు. పెట్రోలు బండికి ఆ పరీక్షను నిలబెట్టి చేస్తారు తప్ప రోడ్డు మీద నడిపి చేయరు.

ఇంకొక సంగతి. కన్వర్టరు పనిచేయడం మొదలుపెట్టాలంటే దాదాపు 250 నుంచి 300 డిగ్రీల వేడి రావాలి. అప్పటిదాకా ఎంత ఆధునికమైన పెట్రోలు కారైనా పొగను సరిగా శుద్ధిచేయలేదు. ఒక ప్రయాణంలో వెలువడే విషంలో ఎక్కువ పాలు ఆ తొలి నిమిషాలదే. వీధి చివరి కొట్టుకు పాల ప్యాకెట్టు కోసం కారు తీస్తే, అది వేడెక్కేలోపే మనం తిరిగి ఇంటికి వచ్చేస్తాం.