బ్రేక్ ఫ్లూయిడ్: ఆముదం నుంచి గ్లైకాల్ దాకా

మూసి ఉన్న ద్రవాన్ని ఒకచోట నొక్కితే ఆ ఒత్తిడి అన్ని వైపులా సమానంగా పాకుతుంది. హైడ్రాలిక్ బ్రేకుకు ఆధారం ఈ సూత్రమే. 17వ శతాబ్దంలో ఫ్రాన్సులో బ్లేజ్ పాస్కల్ దీన్ని వివరించాడు. 1795లో ఇంగ్లండులో జోసెఫ్ బ్రామా దీనితో హైడ్రాలిక్ ప్రెస్సు తయారుచేశాడు. ఈ సూత్రం కారు చక్రం దాకా చేరడానికి మరో 120 ఏళ్లకు పైగా పట్టింది.

ద్రవం నొక్కితే కుదించుకుపోదు, గాలి కుదించుకుపోతుంది. గొట్టంలో బుడగ ఉంటే డ్రైవరు కాలి బలం దాన్ని నొక్కడానికే సరిపోతుంది. పెడల్ మెత్తగా కిందికి దిగుతుంది, బ్రేకు పట్టదు. ఆ బుడగ పుట్టే దారులు రెండు. బయటి గాలి లోపలికి చొరబడటం ఒకటి, ద్రవమే వేడికి మరిగి ఆవిరి కావడం మరొకటి. మొదటిదానికి విరుగుడు గాలిని బయటికి తీసే బ్లీడింగ్, రెండోదానికి తగిన ఫ్లూయిడ్.

తొలి కార్లలో పెడల్‌కూ చక్రాలకూ మధ్య రాడ్లు, ఉక్కు తీగలు ఉండేవి. వాటిని ఎంత జాగ్రత్తగా సర్దినా నాలుగు చక్రాలూ ఒకేలా పట్టడం కష్టం. ఒకటి ముందు పట్టి మరొకటి ఆలస్యమైతే కారు పక్కకు లాగేది. అమెరికాలో మాల్కమ్ లాఘెడ్ ఈ చిక్కును ద్రవంతో విడదీశాడు. ఆయన పేటెంటు 1917 నాటిది. తర్వాత ఆ ఇంటిపేరు లాక్‌హీడ్‌గా మారింది. విమానాల కంపెనీకి అదే పేరు పెట్టిన ఆలన్ ఈయన తమ్ముడు. 1921లో డ్యూసెన్‌బర్గ్ మోడల్ ఎ నాలుగు చక్రాలకూ హైడ్రాలిక్ బ్రేకులతో అమ్మకానికి వచ్చింది. అదే ఏడాది లె మాన్స్‌లో జరిగిన ఫ్రెంచ్ గ్రాండ్ ప్రీని జిమ్మీ మర్ఫీ నడిపిన డ్యూసెన్‌బర్గ్ గెలిచింది. దాని బ్రేకులూ హైడ్రాలిక్‌వే.

రేసు గెలిచినా లీకుల బెడద తీరలేదు. సిలిండర్లలో ద్రవాన్ని ఆపే సీళ్లు తోలుతో చేసినవి కావడంతో కారేవి. 1924లో తొలి కారును తెచ్చిన క్రైస్లర్ ఇంజనీర్లు వాటి స్థానంలో రబ్బరు కప్పులు పెట్టారు. లీకులు తగ్గాయి గానీ ఏ ద్రవం పోయాలో ఇక రబ్బరే నిర్ణయించింది. పెట్రోలియం నూనె తగిలితే సహజ రబ్బరు ఉబ్బి మెత్తబడుతుంది. ఆముదం రబ్బరును అంతగా చెరపదు, పైగా లోపలి భాగాలకు జారుడునిస్తుంది. అందుకే తొలి తరం బ్రేక్ ఫ్లూయిడ్లలో ఆముదం, ఆల్కహాల్ కలిపేవారు. చలికి చిక్కబడే ఆముదాన్ని పలచబరచడం ఆల్కహాల్ పని. షెవ్రొలె 1936లో, ఫోర్డ్ 1939 మోడళ్లలో హైడ్రాలిక్ బ్రేకులకు మారాయి.

ఆ మిశ్రమంలో బలహీనమైనది ఆల్కహాలే. ఇథైల్ ఆల్కహాల్ 78 డిగ్రీల సెల్సియస్ వద్ద, బ్యుటైల్ ఆల్కహాల్ దాదాపు 118 డిగ్రీల వద్ద మరుగుతాయి. కొండ దిగేటప్పుడు అదేపనిగా బ్రేకు తొక్కితే చక్రంలోని బ్రేకు డ్రమ్ము వేడి సిలిండర్‌కు చేరి ద్రవం ఆవిరయ్యేది. 1950లలో డిస్క్ బ్రేకులు రావడంతో వేడి ఇంకా పెరిగింది. 1953లో లె మాన్స్ 24 గంటల రేసును డిస్క్ బ్రేకులున్న జాగ్వార్ సి-టైప్ గెలిచాక మామూలు కార్లూ ఆ దారి పట్టాయి. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత వచ్చిన గ్లైకాల్ ఈథర్ ద్రవాలు ఆముదం చోటును ఆక్రమించాయి.

గ్లైకాల్ వేడిని బాగా తట్టుకుంటుంది, కానీ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. నీరు చేరేకొద్దీ మరిగే ఉష్ణోగ్రత పడిపోతుంది. అందుకే అమెరికా రవాణా శాఖ (డాట్) ప్రమాణం ప్రతి గ్రేడుకూ రెండు కనీస అంకెలు పెట్టింది: కొత్త ద్రవానికి ఒకటి, సుమారు 3.7 శాతం నీరు చేరిన ద్రవానికి ఒకటి. డాట్ 3కి అవి 205, 140 డిగ్రీలు. డాట్ 4కి 230, 155. డాట్ 5, డాట్ 5.1లకు 260, 180. డాట్ 4లో బోరేట్ ఎస్టర్లు కలపడం వల్ల నీటి ప్రభావం కొంత అదుపులో ఉంటుంది.

పేర్లు దగ్గరగా ఉన్నా డాట్ 5, డాట్ 5.1 ఒకే జాతివి కావు. 5.1 గ్లైకాల్ ద్రవం, 5 సిలికోన్ ద్రవం. సిలికోన్ తేమను పీల్చదు, కారు రంగును చెరపదు. కానీ లోపలికి చేరిన నీరు దానిలో కలవక అడుగున నిలిచి తుప్పు పట్టిస్తుంది. సన్నని గాలి బుడగలను అది సులభంగా వదలదు కాబట్టి, చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ ఉన్న కార్లకు పనికిరాదు. గుర్తుపట్టడానికి దానికి ఊదా రంగు వేస్తారు. సిట్రోయెన్ 1960ల రెండో సగంలో తెచ్చిన ఆకుపచ్చని ఖనిజ నూనెది వేరే కథ. దానికి తగిన రబ్బరు సీళ్లున్న వ్యవస్థలోనే అది పనిచేస్తుంది.

ద్రవాలు ఇన్ని మారినా బ్లీడింగ్ పద్ధతి మాత్రం పెద్దగా మారలేదు. చక్రం దగ్గరి నిపుల్‌కు సన్నని ట్యూబు తొడిగి, దాని రెండో కొస ఫ్లూయిడ్ ఉన్న సీసాలో ముంచుతారు. లోపల కూర్చున్న మనిషి పెడల్ కొట్టి నొక్కి పట్టుకుంటాడు. కింద ఉన్నవాడు నిపుల్ వదులు చేస్తాడు, బుడగలు బయటికి వస్తాయి. నిపుల్ బిగించాకే పెడల్ వదలాలి, లేకపోతే గాలి మళ్లీ లోపలికి పోతుంది. బుడగలు ఆగేదాకా ఇలాగే చేస్తూ, పెడల్‌కు కలిసిన మాస్టర్ సిలిండర్ డబ్బా ఖాళీ కాకుండా ఫ్లూయిడ్ పోస్తూ ఉండాలి. మాస్టర్ సిలిండర్‌కు దూరపు చక్రంతో మొదలుపెట్టడం పాత ఆనవాయితీ. బ్రేకు లైను రెండు సర్క్యూట్లుగా విడిపోయాక తయారీదారు చెప్పిన వరుసే ప్రమాణమైంది. 1978లో మెర్సిడెస్ ఎస్-క్లాస్‌లో బాష్ ఏబీఎస్ వచ్చింది. ఏబీఎస్ ఉన్న కొన్ని కార్లలో దాని వాల్వుల్లో చిక్కిన గాలిని తీయడానికి స్కానర్ కూడా కావాలి.

భారతదేశంలో బ్రేకుల పరిశ్రమ 1962లో మద్రాసులో బ్రేక్స్ ఇండియా స్థాపనతో బలపడింది. టీవీఎస్ కుటుంబ సంస్థ, బ్రిటన్ లూకాస్ సంస్థ అందులో అప్పటి భాగస్వాములు. తీరప్రాంతపు తేమ, ఘాట్ రోడ్ల దిగుడు రెండూ ఉన్న ఇక్కడ ఫ్లూయిడ్ వయసు ముఖ్యం. చాలా తయారీదారులు సుమారు రెండేళ్లకోసారి మార్చమంటారు. మాస్టర్ సిలిండర్ మూత మీద రాసిన గ్రేడు చూసి పోయాలి. డాట్ 3 చెప్పినచోట సాధారణంగా డాట్ 4 వాడవచ్చు, డాట్ 4 కావలసిన చోట డాట్ 3 చాలదు. సిలికోన్‌ను గ్లైకాల్‌తో కలపకూడదు. ఇంజన్ ఆయిల్ ఒక చెంచా పడినా రబ్బరు సీళ్లు ఉబ్బిపోతాయి. మూత తీసి చాలా రోజులు ఉంచిన డబ్బాలోని ద్రవం అప్పటికే తేమ పీల్చుకుని ఉంటుంది కాబట్టి, ఏ గ్రేడుదైనా దాన్ని బ్రేకులో పోయరాదు.