పాపమా, కాదా?

చానల్ 4 వార్తల స్టూడియో. 2015 జూలై. ఎదురుగా టిమ్ ఫారన్. బ్రిటన్‌లో లిబరల్ డెమోక్రాట్ల నాయకుడిగా ఎన్నికై ఒక్కరోజే అయింది. కేథీ న్యూమన్ సూటిగా అడిగారు: స్వలింగ శృంగారం పాపమా? మనమందరం పాపులమేనన్న క్రైస్తవ బోధ చాటుకు వెళ్లారాయన. ఆమె మళ్లీ అడిగారు. అవుననలేదు, కాదనీ అనలేదు.

అప్పటికి ఆ పార్టీకి మిగిలినవి 8 సీట్లు. అయినా స్వలింగ వివాహం విషయంలో పెద్ద పార్టీలకన్నా ముందు గొంతు విప్పింది అదే. 2010లో లివర్‌పూల్ మహాసభలోనే తీర్మానం చేసింది. సంకీర్ణ ప్రభుత్వంలో ఆ పార్టీ మంత్రి లిన్ ఫెదర్‌స్టోన్ 2012లో దీనిపై ప్రజలతో సంప్రదింపులు మొదలుపెట్టారు. 2013 ఫిబ్రవరి 5న స్వలింగ వివాహ బిల్లు రెండో రీడింగ్‌లో 400 మంది ఎంపీలు సరేనన్నారు, 175 మంది వద్దన్నారు. ఫారన్ సరేనన్నవాళ్లలో ఉన్నారు. మే 21న, మూడో రీడింగ్‌లో, ఆయన ఓటే వేయలేదు.

నన్నడిగితే, నిలదీయాల్సింది ఆ మే 21 గురించి. మనసులో ఏముందో ఆయనా, ఆయన దేవుడూ చూసుకుంటారు; సభలో వేసే ఓటు మాత్రం పెళ్లికోసం ఎదురుచూస్తున్న జంటలది. అలాగని ఆ మౌనం ఎవరినీ నొప్పించలేదనగలమా? టీవీ ముందు కూర్చున్న ఏ పదహారేళ్ల పిల్లాడో, ఒక్క ‘కాదు’ అనడానికి నాయకుడు అంతగా తడబడుతుంటే ఏమనుకుని ఉంటాడు!

2017 ఏప్రిల్‌లో ఎన్నికల ప్రకటన వచ్చింది. న్యూమన్ మళ్లీ అదే అడిగారు. మర్నాడు పార్లమెంటు దిగువ సభ కామన్స్‌లో, తాను గేనని ఏనాడో బయటికి చెప్పిన కన్సర్వేటివ్ సభ్యుడు నైజెల్ ఎవాన్స్ లేచి, గేగా ఉండటం పాపమనుకుంటున్నారా అన్నారు. లేదన్నారు ఫారన్. వారం తిరక్కుండా, శృంగారమూ పాపం కాదన్నారు.

ఆ ఎన్నికల్లో పార్టీ సీట్లు 12కు పెరిగాయి. జూన్ 14న, గే అయిన పార్టీ హోం వ్యవహారాల ప్రతినిధి బ్రయాన్ పాడిక్, నాయకుడి అభిప్రాయాలు తనను కలవరపెడుతున్నాయంటూ పదవి వదిలేశారు. ఆ సాయంత్రమే ఫారన్ కూడా. బైబిల్‌కు కట్టుబడి బతుకుతూ ఈ పార్టీని నడపడం తనవల్ల కాలేదన్నారు.

2018 జనవరిలో ఒక క్రైస్తవ రేడియోలో ఇంకో మాట చెప్పారు. పాపం కాదన్నందుకు చింతిస్తున్నానని, ఆ జవాబు ఒత్తిడికి లోబడి ఇచ్చిందని.

2017 ఏప్రిల్‌లో ఆ ‘కాదు’ విని ఊపిరి పీల్చుకున్న పిల్లల చెవిన ఈ మాటా పడి ఉంటుంది.