క్రాఫ్టన్ కుంట

2002 సెప్టెంబరు 4న అమెరికాలోని మేరీల్యాండ్ రాష్ట్రంలో, క్రాఫ్టన్ అనే ఊళ్ళో, ఒక కుంటకు మందు పెట్టారు. దుకాణాల వెనక ఉన్న నాలుగెకరాల నీళ్ళవి. రాయి విసిరితే పడేంత దూరంలో లిటిల్ పటక్సెంట్ నది. అంతకుముందు ఆగస్టులోనే కలుపుమందు కొట్టి కుంటలోని మొక్కల్ని చంపారు. ఆ తర్వాత రోటెనోన్ పోశారు. కొన్ని మొక్కల వేళ్ళ నుంచి తీసే ఈ మందు, ఒంట్లోని కణాలు ప్రాణవాయువును వాడుకోకుండా అడ్డుపడుతుంది. తల పైకెత్తి గాలి మింగి బతికే చేపకు కూడా దాని నుంచి తప్పించుకునే దారి లేదు.

తర్వాత పడవల మీద తిరుగుతూ తేలిన చేపల్ని ఏరారు. వాళ్ళు వెతికిన చేపలు ఆరు పెద్దవి, వెయ్యికి పైగా పిల్లలు దొరికాయి. వాటితో పాటు ఏ పాపమూ ఎరుగని బాస్ చేపలు, బ్లూగిల్ చేపలు కూడా చచ్చి తేలాయి.

వాళ్ళు వెతికింది చన్నా ఆర్గస్‌ని. చైనా, కొరియా, రష్యాలోని అమూర్ నది దాని పుట్టినిల్లు. ఇంగ్లీషువాళ్ళు దాన్ని నార్తర్న్ స్నేక్‌హెడ్ అంటారు. మనకది పరాయిది కాదు. తెలంగాణ రాష్ట్ర చేప అయిన కొర్రమీను, మన మట్టగిడస, అమెరికాలో మందు తిని చచ్చిన ఆ చేప, అన్నీ ఒకే కులం. చేపల మార్కెట్లో మిగతావి చాలావరకు ఐసు మీద పడుకుని ఉంటే, కొర్రమీను మాత్రం తొట్టిలో నిక్షేపంగా ఈదుతూ ఉంటుంది. నీళ్ళు తక్కువైనా, మురికైనా దానికి లెక్క లేదు. నీటి నుంచి తీసినా ఒళ్ళు తడిగా ఉన్నంతసేపు ప్రాణం పోదు. ఈ మొండి ప్రాణమే దానికి కీర్తి తెచ్చింది. క్రాఫ్టన్‌లో ఆర్గస్ చావుకు వచ్చిందీ అదే.

కథ మొదలైంది ఒక పులుసు దగ్గర. క్రాఫ్టన్ ప్రాంతంలో ఉండే ఒకాయన సోదరికి ఒంట్లో బాగోలేదు. ఈ చేపతో సూప్ కాచి తాగిస్తే కోలుకుంటారని తూర్పు ఆసియాలో పాత నమ్మకం. ఆ మాట మనకు వింతగా తోచదు. మృగశిర కార్తె నాడు హైదరాబాదులో బత్తిని కుటుంబం ఇచ్చే చేప ప్రసాదంలో మందు పెట్టేది కొర్రమీను పిల్ల నోట్లోనే. ఉబ్బసం తగ్గుతుందని ఊళ్ళ నుంచి, రాష్ట్రాల నుంచి జనం వస్తారు. ఆయన కూడా అలాంటి నమ్మకంతోనే న్యూయార్క్‌లోని ఆహార చేపల మార్కెట్ నుంచి రెండు బతికున్న చేపల్ని తెప్పించాడు. ఈలోగా సోదరికి నయమైంది. సూప్ అవసరం తీరిపోయింది. చేపలు మిగిలాయి. ఆయన వాటిని ఇంట్లో అక్వేరియంలో వేశాడు.

ఈ కులం చేపల్ని ఇంట్లో పెంచడం ఎలాంటిదో ఇక్కడ చెప్పాలి. లేకపోతే ఈ కథలో ఏం పోయిందో తెలియదు.

వేటచేపల్ని పెంచేవాళ్ళు ఎక్కడైనా తక్కువే. వాళ్ళలోనూ చాలామంది ఒట్టి గాజు తొట్టెలోనే పెంచుతారు, ఎందుకంటే పెద్ద వేటచేపలు మొక్కల్ని బతకనివ్వవు. కొర్రమీను కులంలోని చిన్న రకాల దారి వేరు. వాటికి మొక్కలే ఇల్లు. దుంగలకు కట్టిన జావా ఫెర్న్, నీడలో పెరిగే అనుబియాస్, పైన దట్టంగా తేలే మొక్కలు, అడుగున ఎండు బాదం ఆకులు. ఆ ఆకుల నడుమ చేప కదలకుండా నిలబడి ఉంటుంది. కొత్తవాళ్ళకు అక్కడ చేప ఉన్నట్టే తెలియదు. పక్కరెక్కలు మాత్రం విసనకర్రల్లా మెల్లగా ఆడుతుంటాయి. వానపాము ముక్క నీళ్ళలో పడిందా, అది ఎప్పుడు కదిలిందో, ఎప్పుడు మింగిందో కంటికి అందదు. మళ్ళీ అదే నిశ్చలత. కొన్నాళ్ళకు మనిషిని గుర్తుపడుతుంది. పెంచేవాడు దగ్గరికొస్తే అద్దం దాకా వచ్చి చూస్తుంది.

పెంచడానికి ఓపిక కావాలి. నీళ్ళకీ మూతకీ మధ్య నాలుగు వేళ్ళ ఖాళీ వదలాలి. ఆ గాలి అందకపోతే చేప నీళ్ళలోనే ఊపిరాడక చనిపోతుంది. మూత గట్టిగా ఉండాలి. వైరు పోయే సందు దొరికినా చాలు, రాత్రికి రాత్రి బయటపడి గచ్చు మీద ఎండిపోతుంది. చిన్న చేపల్ని తోడు వేస్తే అవి తోడుగా ఉండవు, తిండిగా మిగులుతాయి.

వీటిలో అందరూ కోరుకున్న చేప చన్నా బ్లెహెరి, రెయిన్‌బో స్నేక్‌హెడ్. ఎగువ అస్సాంలో బ్రహ్మపుత్ర పరీవాహకం దాని ఊరు. 1991లో జర్మన్ శాస్త్రవేత్త వియెర్కె దాన్ని వర్ణించి, చేపల కోసం దేశాలు తిరిగిన హైకో బ్లెహర్ పేరు పెట్టాడు. పొడవు జానెడు. నీలీ ఆకుపచ్చా కలిసిన ఒంటి మీద నారింజ మచ్చలు. అస్సాం చలికాలాన్ని ఒంట్లో మోసే చేప అది. ఏడాది పొడుగునా హీటరు వేసి వెచ్చని నీళ్ళలో ఉంచితే నీరసించిపోతుంది. చలికాలం నీళ్ళు చల్లబడనిచ్చి, వసంతంలో మెల్లగా వేడి పెరగనిస్తే రంగు తేలుతుంది. అమెరికాలో, ఐరోపాలో ఇళ్ళల్లో కూర్చుని అస్సాం ఋతువుల్ని లెక్కపెట్టుకున్న పెంపకందార్లంటే నాకు ఇప్పటికీ గౌరవం. మన వాగుల్లోనూ ఉండే చన్నా గచువా వాళ్ళకు మరో ఇష్టమైన చేప. గుడ్లు పొదిగేది తండ్రే. గుడ్లను నోట్లో పెట్టుకుని మోస్తూ, అన్నాళ్ళూ తిండి మానేస్తుంది.

క్రాఫ్టన్ మనిషి ఇంట్లో ఉన్నది ఈ చిన్నవి కాదు. ఆర్గస్ మీటరు దాకా పెరుగుతుంది. జంట పెరిగింది. రోజుకు డజను దాకా గోల్డ్‌ఫిష్‌లు తినే స్థితికి వచ్చింది. ఏ ఇంటి తొట్టీ ఇక దాన్ని పట్టలేదు. 2000 సంవత్సరంలో ఆయన ఆ రెండింటినీ తీసుకెళ్ళి కుంటలో వదిలేశాడు.

ఆ మనిషిని దుర్మార్గుడని నేను అనుకోను. సూప్ కోసం తెచ్చినవాటినే సాకాడు. తిండి పెట్టిన చేత్తో చంపడం ఎవరికైనా కష్టం. నీళ్ళున్నాయి, మొక్కలున్నాయి, హాయిగా బతుకుతాయిలే అనిపిస్తుంది. ఇంట్లో మిగిలిపోయిన చేపల్ని చెరువుల్లో వదిలేవాళ్ళలో చాలామంది మనసులో ఉండేది ఈ దయే. క్రాఫ్టన్ కుంటను చంపింది ఆ దయ.

రెండేళ్ళు ఎవరికీ తెలియలేదు. 2002 మే నెలలో గాలం వేసిన ఒకాయనకు మూరెడు పొడవున్న వింత చేప పడింది. ఫొటో తీసుకుని తిరిగి నీళ్ళలో వదిలేశాడు. జూన్ ఆఖరున మరొకరికి ఇంకా పెద్దది పడింది. జులైలో పిల్లలు కనబడ్డాయి. పిల్లలున్నాయంటే చేప అక్కడ కాపురం పెట్టినట్టే.

ఇక పత్రికలు, టీవీలు ఊగిపోయాయి. ఫ్రాంకెన్‌ఫిష్ అని పేరు పెట్టారు. నేల మీద నడుస్తుందన్నారు, నది దాకా పాక్కుంటూ పోతుందన్నారు. నిజానికి ఎదిగిన ఆర్గస్ బరువైన చేప, నేల మీద ఎక్కువ దూరం పోగలిగేది కాదు. కుంట పొంగితే నీళ్ళతో పాటు నదిలోకి పోతుందన్న భయం మాత్రం నిజమైనదే. 2004లో దాని మీద రెండు భయానక సినిమాలు కూడా వచ్చాయి. ఈ గోలలో ఎవరూ పట్టించుకోని సంగతి ఒకటుంది. ఆ వెయ్యి పిల్లలు ఊరికే బతికి బట్టకట్టలేదు. ఆర్గస్ జంట మొక్కల మధ్య చోటు చేసుకుని, తేలే గుడ్లకు కాపలా కాసి, పిల్లలు గుంపుగా తిరిగినన్నాళ్ళూ వెంట ఉండి శత్రువుల్ని తరుముతుంది. కొర్రమీను పిల్లల గుంపు కింద తల్లీతండ్రీ తిరుగుతుంటాయని మన చెరువుల దగ్గర పిల్లాణ్ణి అడిగినా చెబుతాడు. రోటెనోన్ పోసిన రోజున తేలిన ఆరు పెద్ద చేపల్ని తలుచుకుంటే నాకు గుర్తొచ్చేది ఈ కాపలాయే.

మందు పోయడం తప్పని నేను అనను. పక్కనే నది ఉంది, ఆ నదిలోని చేపలకు ఈ వేటగాడు తెలియదు. మరో దారి వాళ్ళకు కనబడలేదు.

వదిలిన మనిషి ఎవరో అధికారులు తెలుసుకున్నారు, పేరు బయటపెట్టలేదు. నేరానికున్న గడువు దాటిపోవడంతో కేసూ లేదు. శిక్ష మిగతావాళ్ళకు పడింది. 2002 అక్టోబరులోనే అమెరికా ప్రభుత్వం లేసీ చట్టం కింద ఈ కుటుంబంలోని అన్ని రకాల్నీ, అప్పటి లెక్కలో 28 జాతుల్ని, హానికర జీవులుగా ప్రకటించింది. దిగుమతి ఆగింది. రాష్ట్రం దాటించడం నేరమైంది. మంచు గడ్డకట్టే కుంటలో బతికే ఆర్గస్‌కూ, ఉష్ణమండలపు బుల్లి చేపలకూ ఒకటే తీర్పు. అస్సాం చలికాలాన్ని ఇంట్లో పండించుకున్న పెంపకందారు తన చేపపిల్లల్ని పక్క రాష్ట్రంలోని స్నేహితుడికి పంపలేకపోయాడు. కొత్త రక్తం రాకపోతే ఇంటి తొట్టెల్లోని వంశం ఎన్ని తరాలు నిలుస్తుంది? 2017లో ఒక అప్పీలు కోర్టు తీర్పుతో రాష్ట్రాల మధ్య రవాణా మీది కేంద్ర నిషేధం సడలింది. కానీ సొంత చట్టాలతో నిషేధించిన రాష్ట్రాలున్నాయి, దిగుమతి మీద నిషేధం అలాగే ఉంది.

ఇంత జరిగీ ఆర్గస్ ఆగలేదు. 2004లో వాషింగ్టన్ పక్కనుంచి పారే పొటోమాక్ నదిలో అది బయటపడింది. డీఎన్‌ఏ పరీక్ష చేసి చూస్తే, అవి క్రాఫ్టన్ చేపల సంతానం కాదని తేలింది. అంటే ఇంకెవరో, ఇంకెక్కడో, అదే పని చేశారు. పొటోమాక్‌కు మందు పెట్టడం ఎవరి తరం? ఇవాళ చెసపీక్ అఖాతంలో కలిసే నదుల్లో అది స్థిరపడిపోయింది. జనం పట్టి తింటే సంఖ్య తగ్గుతుందని 2024లో మేరీల్యాండ్ ప్రభుత్వం దానికి చెసపీక్ చన్నా అని కొత్త పేరు పెట్టింది.

పెంచిన చేపల్ని నీళ్ళలో వదిలేయడం మన దగ్గరా మొదలైంది. 2023 మేలో శ్రీనగర్ దాల్ సరస్సులో ఎలిగేటర్ గార్ కనబడింది. మొసలి మూతి ఉన్న అమెరికా వేటచేప అది, రెండు మీటర్లు దాటి పెరగగలదు, మన అక్వేరియం దుకాణాల్లో మాత్రం జానెడు పిల్లగా అమ్ముతారు. అద్దానికి పట్టిన పాకుడు తింటుందని కొనుక్కున్న సక్కర్ చేప ఇప్పుడు మన చెరువుల్లో, కాలవల్లో వలలు చించుతోంది. జాలర్లు దాన్ని దెయ్యం చేప అంటున్నారు.

వేటచేపను పెంచాలనిపిస్తే పెంచండి, ఆ ఆనందం వేరు. కొనేముందు అది పూర్తిగా ఎదిగితే ఎంతవుతుందో దుకాణంలో అడగండి. మీ తొట్టిలో పట్టదనుకుంటే కొనకండి. ఇప్పటికే కొనేసి ఉంటే, అది మీ చేయి దాటే రోజున దుకాణానికి తిరిగివ్వండి, పెద్ద తొట్టి ఉన్నవాళ్ళకు ఇవ్వండి. ఎవరూ తీసుకోకపోతే పశువైద్యుణ్ణి అడిగి నొప్పి తెలియకుండా ప్రాణం తీయించండి. చెరువులో మాత్రం వదలకండి.